ఆర్వీ ట్రిప్పుకి క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోవడం: సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా లెక్క వేసుకోండి

అమెరికాలో ఆర్వీ (పడకలూ వంటిల్లూ బాత్రూమూ ఉన్న బండి) అద్దెకు తీసుకుని వేసవి సెలవుల్లో బయల్దేరే మనవాళ్లు ముందు చూడాల్సిన చోట్లు రాసుకుంటారు, తర్వాత బండి బుక్ చేస్తారు. రాత్రి ఎక్కడ ఆగాలన్నది ఆఖరికి మిగులుతుంది. పిల్లలున్న ఇంటివాళ్లు దీన్ని తిరగేసి చేయడం మేలు. గీజర్లూ లోయలూ ఎలాగూ పగలు చూసేస్తారు. పిల్లలు సైకిలెక్కి పక్క సైటు (బండి ఆపుకునే చోటు) పిల్లలతో కలిసిపోయేదీ, ఇండియా నుంచి వచ్చిన తాతయ్య పక్కన కుర్చీ లాక్కుని కబుర్లు వినేదీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్యలోనే. అందుకే ఏ క్యాంప్‌గ్రౌండ్‌ని చూసినా ఆ అయిదు గంటలు అక్కడ ఎవరు ఏం చేస్తారన్నది ముందు అడగండి. వ్యూ సంగతి తర్వాత.

మొదట తేల్చుకోవాల్సింది హుకప్స్. ఫుల్ హుకప్ అంటే సైటులోనే కరెంటు, నీళ్లు, సూవర్ (మురుగునీళ్ల పైపు) మూడూ ఉండటం. నేషనల్ పార్కుల లోపల ఇవి చాలా అరుదు. యెల్లోస్టోన్‌లో ఫుల్ హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో మాత్రమే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మీద ట్రైలర్ విలేజ్‌లో ఉంది, దగ్గర్లోనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు. గ్రాండ్ టీటన్‌లో కోల్టర్ బే ఆర్వీ పార్కులో ఉంది. యోసెమిటీలో అసలు ఎక్కడా లేదు, క్యాంప్‌గ్రౌండ్లలో షవర్లు కూడా లేవు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలే అయితే హుకప్ లేకుండా రెండు రాత్రులు హాయిగా గడుస్తాయి. అమ్మమ్మా తాతయ్యా తోడైతే మాత్రం స్నానాల దగ్గరే లెక్క తప్పుతుంది.

ఆ లెక్క ఇదీ. అద్దెకిచ్చే క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగంతో కట్టిన మధ్యరకం) ఆర్వీల్లో వాడిన నీళ్లు పట్టే గ్రే ట్యాంకు ఇంచుమించు 30 గ్యాలన్లు ఉంటుంది. వేడినీళ్ల ట్యాంకు సాధారణంగా 6 గ్యాలన్లే. మామూలు బకెట్ ఒకటి అయిదు గ్యాలన్లు. పొద్దున్నే ఆరుగురూ తలా ఒక బకెట్‌తో స్నానం కానిస్తే గిన్నెలు కడగక ముందే గ్రే ట్యాంకు నిండిపోతుంది. నిండిన సంగతి ముందు తెలిసేది షవర్ అడుగున. బండిలో అన్నిటికంటే కిందున్న డ్రెయిన్ అదే కాబట్టి సబ్బునీళ్లు అక్కడే పైకి తన్నుకొస్తాయి. పెద్దవాళ్లు వెంట ఉండి, రోజూ తలారా స్నానం తప్పదనుకుంటే ఫుల్ హుకప్ తీసుకోండి, లేదా మంచి షవర్లున్న చోటు చూడండి. రెండూ లేని పార్కులో దిగాలంటే, అక్కడ ఒకటి రెండు రాత్రులుండి మూడో రాత్రి బయట ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగేలా దారి వేసుకోవాలి. ట్యాంకులు ఖాళీ చేయడం, బట్టలు ఉతకడం, తలంట్లు అన్నీ ఆ రోజుకు పెట్టుకోవచ్చు.

టాయిలెట్ వెళ్లే బ్లాక్ ట్యాంకు విషయంలో మన చెంబు అలవాటు మంచే చేస్తుంది. ఆ ట్యాంకు బిగుసుకుపోయేది నీళ్లు తక్కువై, పేపరు ఎక్కువైనప్పుడు. నీళ్లు వాడే ఇళ్లలో ఆ బెడద తక్కువ, కాకపోతే త్వరగా నిండుతుంది. ఫుల్ హుకప్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మూడింట రెండొంతులు నిండేదాకా మూసి ఉంచి, ముందు బ్లాక్, ఆ వెనక గ్రే వదలాలి. సబ్బునీళ్లు పైపును కడిగేస్తాయి. ఫ్లషబుల్ అని రాసి ఉన్నా సరే వైప్స్ వేయొద్దు. ట్యాంకు నిండిందో లేదో చూపించే దీపాలను కూడా పూర్తిగా నమ్మకండి, బ్లాక్ ట్యాంకువి తరచూ తప్పే చెబుతాయి.

కరెంటు దగ్గర మనవాళ్లు పడే ఇబ్బంది వంట వేళల్లో. 30 ఆంప్స్ సైటు అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 13 నుంచి 15 ఆంప్స్ లాగుతుంది. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో అన్నం పెడితే మరో 8 లేదా 9. వేడినీళ్ల హీటరు కరెంటు మీద ఉంటే ఇంకో 12. మూడూ కలిస్తే 30 దాటి బ్రేకర్ పడిపోతుంది. హీటరును గ్యాస్ మీదకు మార్చండి, కుక్కర్ ఉన్న ఇరవై నిమిషాలు మైక్రోవేవ్ జోలికి పోకండి. 50 ఆంప్స్ సైటుకు ఎక్కువ డబ్బు కట్టేముందు మీ బండి ప్లగ్ ఏదో చూడండి. బండే 30 ఆంప్స్‌దైతే అడాప్టర్ పెట్టి 50 దానికి తగిలించినా వచ్చేది 30 ఆంప్సే.

హుకప్ లేని చోట జనరేటర్ ఉంది కదా అనుకోవద్దు. పార్కుల్లో దానికి వేళలుంటాయి, జనరేటర్ నిషేధించిన లూపులూ (ఒక దారి చుట్టూ ఉండే సైట్ల వరసలు) ఉంటాయి. ఇడ్లీ రుబ్బుదామన్న ఆలోచన ఇంటి దగ్గరే వదిలేసి, పులిసిన పిండి డబ్బాలో తీసుకెళ్లండి. కొండల మీద రాత్రి చలికి పిండి పులవదు.

ఇక పిల్లల సంగతి. వయసును బట్టి చోటు మారాలి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి కేఓఏ, జెల్లీస్టోన్ లాంటి ప్రైవేటు సంస్థల క్యాంప్‌గ్రౌండ్లు బాగుంటాయి: స్విమ్మింగ్ పూల్, ఆట స్థలం, వారాంతాల్లో ఏదో ఒక కార్యక్రమం. కేఓఏలో జర్నీ, హాలిడే, రిసార్ట్ అని మూడు రకాలున్నాయి. జర్నీ అంటే హైవే పక్కన రాత్రి ఆగి పొద్దున్నే కదిలేవాళ్ల కోసం. పిల్లలతో రెండు రోజులుండాలంటే హాలిడేనో రిసార్టో చూడాలి. బుక్ చేసేముందు శాటిలైట్ మ్యాప్‌లో చుట్టూ ఒకసారి తిప్పి చూడండి. ఎన్నో క్యాంప్‌గ్రౌండ్లు రైలు పట్టాల పక్కనే ఉంటాయి, ఫొటోల్లో ఆ పట్టాలు కనిపించవు. ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్లేవాళ్లకి గూడ్సు రైళ్ల చప్పుడుతో నిద్ర ఉండదు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు నా ఓటు పార్కుల లోపలి క్యాంప్‌గ్రౌండ్లకే, కరెంటు లేకపోయినా. కారణం రేంజర్లు, అంటే పార్కు ఉద్యోగులు. విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకుని, అందులోని పనులు పూర్తి చేసి చూపిస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. చాలాచోట్ల రాత్రిపూట ఆరుబయటి యాంఫీథియేటర్‌లో రేంజర్ కార్యక్రమం ఉంటుంది. సైటు నుంచి అక్కడికి నడిచి వెళ్లగలరా అన్నది మ్యాపులో చూసి లూపు ఎంచుకోండి. తాతయ్యనీ తీసుకెళ్లండి, రేంజర్ చెప్పింది ఆయనకు తెలుగులో చెప్పే బాధ్యత పిల్లలదే. యెల్లోస్టోన్‌లో మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ దీనికి బాగుంటుంది. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. బండి పక్కన టెంటు వేసుకుని పడుకుంటామని పిల్లలు ముచ్చటపడితే అక్కడ కుదరదు.

బుకింగ్ వెబ్‌సైటులో మీ సైటు పేజీ తెరిస్తే ఫొటో కన్నా కింద ఉండే వివరాలు ముఖ్యం. డ్రైవ్‌వే పొడవు, గరిష్ఠ వాహన పొడవు, బ్యాక్-ఇన్ (వెనక్కి నడిపి పెట్టేది) లేదా పుల్-త్రూ (ఇటు దూరి అటు బయటికెళ్లేది), నీడ, ఎంతమందికి అనుమతి. అద్దె ఆర్వీలు 25 అడుగులవీ 30 అడుగులవీ ఎక్కువ. మాథర్‌లో హద్దు 30 అడుగులే, అంటే 30 అడుగుల బండికి వెనక సైకిళ్ల రాక్ తగిలిస్తే దాటిపోతారు. దారులకీ హద్దులున్నాయి: గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మధ్య భాగం మీద 21 అడుగులు దాటిన బండి వెళ్లకూడదు. మొదటిసారి నడిపేవాళ్లు పుల్-త్రూ తీసుకోవాలి, వెలుతురుండగానే చేరాలి. రోజుకు 200 మైళ్లు దాటకుండా వేసుకుంటే మూడు గంటలకల్లా చేరతారు.

బాత్రూముకి మరీ ఆనుకున్న సైటు పెద్దవాళ్లకి దగ్గరని తీసుకుంటే రాత్రంతా లైటు, తలుపుల చప్పుడు. మూడు నాలుగు సైట్ల దూరం సరిపోతుంది. లూపు లోపలి వైపు సైట్లకు నడకదారులు అడ్డం పడుతుంటాయి, అయినా చిన్నపిల్లలుంటే అదే నయం: నది అంచున ఉండే బయటి సైట్లలో పెద్దవాళ్లు ఒకరు ఎప్పుడూ కాపలా కూర్చోవాల్సి వస్తుంది. ఆర్వీ తలుపు, పైన పరుచుకునే నీడ తెర కుడివైపున ఉంటాయి. సైటు బల్ల కూడా ఆ వైపున ఉందో లేదో మ్యాపులో చూసుకుంటే వంటకీ, తాతయ్య కుర్చీకీ చోటు తిన్నగా అమరుతుంది.

పోపు లోపల పెట్టారా, పొగ అలారం ఆగదు. చిన్న గ్యాస్ స్టవ్ బయటి బల్ల మీద పెట్టుకుని తాళింపులూ వేపుళ్లూ అక్కడే కానివ్వండి. సాంబారు గిన్నెను ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ తర్వాత కడగండి. నూనె, పప్పు గ్రే ట్యాంకులోకి పోతే రెండో రోజుకే వాసన మొదలవుతుంది. నీళ్ల కొళాయి దగ్గర గిన్నెలు తోమడం చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నిషేధం. ఎలుగుబంట్లున్న చోట కూలర్, పిండి డబ్బా, పచ్చడి సీసా, చివరికి కొబ్బరినూనె సీసా కూడా బయట వదలకూడదు. వాటికి వాసనొచ్చేదంతా తిండే.

పిల్లలు స్మోర్స్ (బిస్కట్ల మధ్య చాక్లెట్, కాల్చిన మార్ష్‌మాలో పెట్టి తినేది) అడుగుతారు. మామూలు మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది పందిదో ఆవుదో. శాకాహారులు డ్యాండీస్ లాంటి వీగన్ రకం ఇంటి నుంచే తెచ్చుకోవాలి, దారిలో చిన్న కొట్లలో దొరకదు. ఆ నిప్పుల మీదే మొక్కజొన్న పొత్తులు కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయా రాస్తే, పక్క సైటు పిల్లలు వాటి కోసం వస్తారు, మన పిల్లలు వాళ్ల స్మోర్స్ కోసం పోతారు. అందరూ వాడే గ్రిల్ మీద మాంసం అంటి ఉంటుంది, అల్యూమినియం ఫాయిల్ పరచండి. కట్టెలు మాత్రం అక్కడే కొనాలి, దూరం నుంచి తెస్తే చెట్లను చంపే పురుగులు వాటితో వస్తాయి.

నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లేవాళ్లకో మాట. ఒక్క సైటులో ఆరుగురికో ఎనిమిదిమందికో మించి అనుమతి ఉండదు. గ్రూప్ సైట్లు చాలావరకు టెంట్లకే. ఆనుకుని ఉన్న నాలుగు సైట్లు దొరికితే పెద్దవాళ్లకి పండగే, కానీ పిల్లలు ఆ గుంపు దాటి బయటికి పోరు. ఒకే లూపులో కాస్త దూరదూరంగా తీసుకోవడమే నయం. చాలాచోట్ల రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్ద వేళలు. పసిఫిక్ టైములో రాత్రి పది అంటే వేసవిలో ఇండియాలో ఉదయం పదిన్నర, సరిగ్గా బంధువుల వీడియో కాల్స్ మొదలయ్యే వేళ. స్పీకర్ ఆపి లోపలికెళ్లి మాట్లాడండి. సుప్రభాతానికీ ఇదే నియమం.

బుకింగ్ విషయానికొస్తే, ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లు ఆరు నెలల ముందు, తూర్పు కాలమానంలో ఉదయం పదికి తెరుచుకుంటాయి. యోసెమిటీ వేరు: అయిదు నెలల ముందు, నెల 15వ తేదీన, పసిఫిక్ టైము ఉదయం ఏడుకి ఒక నెల మొత్తం విడుదలవుతుంది. సైట్లు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ముందే లాగిన్ అయి నాలుగైదు సైటు నంబర్లు రాసి పెట్టుకోండి. దొరక్కపోతే ఖాళీ అయినప్పుడు కబురు పంపే అలర్టు అదే వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు.

అరవై రెండేళ్లు నిండిన అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ సీనియర్ పాస్ వస్తుంది, దానితో చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధరే. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు అది రాదు. పైగా 2026 నుంచి యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని పదహారేళ్లు నిండినవారికి తలా 100 డాలర్ల రుసుము పెట్టారు. వాళ్ల వాటా ఎంతో పార్కు పేజీలో చూసి బడ్జెట్ వేసుకోండి. ఇంట్లో నాలుగో తరగతి పిల్లలుంటే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాస్ ఉచితం, ఆ విద్యా సంవత్సరం తర్వాత వచ్చే ఆగస్టు 31 దాకా చెల్లుతుంది, కాబట్టి నాలుగో తరగతి అయిపోయిన వేసవికీ పనికొస్తుంది. అది ప్రవేశానికే, సైటు అద్దెకు కాదు.