కోయిలకుంట్ల నవల: మార్చింది ఒక్కటే

నేను రాస్తున్న నవల నల్లమల ఘట్టానికి చేరింది. చరిత్రలో ఈస్టిండియా కంపెనీపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. నా కథలో ఆయన పట్టుబడరు, అంతే. రెండో మార్పు చేస్తే పాఠకుడు నమ్మడు.

అసలు చిక్కు వేగంతోనే. 1846లో ఇక్కడ టెలిగ్రాఫ్ లేదు, రైలూ లేదు. కడపకు కబురు గుర్రం మీదో, కాలినడకనో పోవాలి. ఫిరంగిని లాగే ఎడ్లు రోజుకు 20 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. వానొస్తే నల్లరేగడిలో చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కుందూ నది పొంగితే ఆ కాస్త నడకా ఉండదు. అందుకే ప్రతి దళానికీ తేదీ, ఊరు, వాన రాసుకున్న పట్టిక పక్కనే ఉంచుకుంటున్నా.

నున్నటి గొట్టం తుపాకీకి 100 గజాలు దాటితే గురి నిలవదు, మందు తడిస్తే పేలనే పేలదు. కాబట్టి వాన అధ్యాయంలో కత్తులు, ఈటెలు, వడిసెలలే.