పట్టేసిన ఐదో బోల్టు

క్లచ్ ప్లేట్లు మార్చడానికి బైక్ ఇంజిన్ కుడివైపు కవర్ విప్పుతున్నాను. ఐదో బోల్టు దగ్గర స్పానర్ ఉన్నట్టుండి తేలికైపోయింది. కదిలిందని సంతోషపడేలోపే తల తెగి కింద పడింది. మొండెం లోపలే ఉండిపోయింది.

మాది విశాఖ, ఇంటికి సముద్రం దగ్గర. బోల్టు ఉక్కు, ఇంజిన్ అల్యూమినియం. ఈ రెండింటి మధ్య ఉప్పు తేమ చేరితే అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. అందులోంచి పుట్టిన తెల్లటి పొడి బోల్టు మరల (చుట్టూ ఉండే గాడుల) సందుల్లో ఉబ్బి బోల్టును బిగించేస్తుంది.

మిగతా బోల్టులు తీసి కవర్ లాగాను. అదృష్టం కొద్దీ మొండెం అంగుళం దాకా బయటికే ఉంది. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి గాలి ఊదే హాట్ గన్‌తో వేడి చేశాను. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం పట్టు సడలుతుంది. వైస్ గ్రిప్‌తో (బిగించి పట్టుకునే పట్టకారు) పట్టి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ పోతే, కిర్రుమంటూ కదిలింది. బయటికి వచ్చాక చూస్తే మరల నిండా గోడకు కొట్టిన సున్నంలాంటి పొడి!

ఆ రోజే బోల్టులు పట్టేయకుండా మరలకు రాసే రాగి రంగు యాంటీ సీజ్ ముద్ద కొన్నాను. రంధ్రాల్లో ఎం6 ట్యాప్‌ను (6 మిల్లీమీటర్ల బోల్టు రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) చేత్తోనే తిప్పి శుభ్రం చేశాను. కొత్త బోల్టుల మరలకు బియ్యపు గింజంత ముద్ద రాసి, పల్చగా పరిచాను. ఎక్కువైతే అడుగు మూసుకున్న రంధ్రంలో అది పోవడానికి దారి ఉండదు. కవర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్ మీదికీ పాకుతుంది.

అసలు జాగ్రత్తంతా బిగింపులోనే. మాన్యువల్‌లో ఉన్న 10 న్యూటన్ మీటర్లు పొడి మరల లెక్క. ముద్ద రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఇంకా సాగుతుంది, మెత్తటి అల్యూమినియం మరలు ఊడిపోతాయి. అందుకే ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచిని 8కి తగ్గించాను. వదులు కాకుండా లాకింగ్ జిగురు రాయమని మాన్యువల్ చెప్పిన బ్రేక్ డిస్క్ బోల్టుల జోలికి ఈ ముద్దను రానివ్వలేదు.

రెండు వర్షాకాలాలు గడిచాక అదే కవర్ మళ్లీ విప్పాను. ఐదో బోల్టు ఒక్కసారి టక్కుమంది. తర్వాత వేళ్లతోనే తిరిగి వచ్చేసింది. మరల మీద రాగి రంగు ఇంకా తడిగానే ఉంది.