పాడుబడ్డ మిద్దె ఉన్న పొలం కోసం కోయిలకుంట్ల వైపు

నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దాటి బనగానపల్లె వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలు, తుక్కు బండల గుట్టలు. ఇక్కడి పాత ఇళ్లకు గోడ, గడప, అరుగు అన్నీ ఈ రాయే. కోయిలకుంట్ల దగ్గర పడేకొద్దీ రాతినేల పోయి నల్లరేగడి వస్తుంది. కొనడానికి పొలాలు చూసేందుకు శనగ కోతలయ్యాక, ఎండలు ముదిరినప్పుడే వెళ్లాం. రేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడే గోడ పగుళ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. వానలకు నేల ఉబ్బితే అవే పగుళ్లు మూసుకుపోతాయి, పైన సున్నం కొడితే ఇక కనిపించవు.

మొదట చూసింది పొలంలోనే ఉన్న మట్టిమిద్దె, అంటే పైకప్పు మీద మట్టి పరిచిన ఇల్లు. పక్కనే మోటబావి. పొలం, పంట వివరాలు రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో అది ఉట్టి మెట్ట. మిద్దె ఊసే లేదు, సాధారణంగా ఉండదు కూడా. రిజిస్ట్రేషన్ దస్తావేజు షెడ్యూలులో మిద్దె, బావి, చెట్లు, దారి అన్నీ విడివిడిగా రాయించుకోవాలి. బావి విషయం మరీ ముఖ్యం. గట్టు మీది పాత బావుల్లో చాలావాటికి వాటాలుంటాయి. అమ్మేవాళ్లకు నాలుగో వంతే ఉంటే మనకొచ్చేదీ అంతే. దారి సంగతి ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం తెచ్చుకుని చూడాలి. బండి బాట నేల మీద ఉండి పటంలో లేకపోతే, పక్క రైతు కంచె వేసిన నాడు కోర్టుకెక్కాల్సిందే.

తర్వాత చూసిన మిద్దె ఊళ్లో ఉంది, దాని పొలం ఊరి బయట. ఇది ఒక బేరమైనా రెండు కొనుగోళ్లు. పొలానికి సర్వే నంబరు, ఎవరి పేర ఉందో చెప్పే 1బి రికార్డు ఉంటాయి. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటుంది. పంచాయతీ ఇంటిపన్ను రసీదు చూపించి ఇదే కాగితం అంటారు గానీ, అది పన్ను కట్టినట్టు రుజువే తప్ప హక్కు పత్రం కాదు. పాత దస్తావేజో, భాగపరిష్కార (పంపకాల) పత్రమో అడగాలి. ఊళ్లోని ఇళ్లను కొలిచే స్వామిత్వ సర్వే అయిన ఊరైతే ఆస్తి కార్డు చూడొచ్చు.

ఇల్లు పాడుబడిందంటే తరచుగా వాటాదార్లు ఎక్కువని అర్థం. అందరిదీ కాబట్టి ఎవరూ మట్టి వేయించరు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాలి. రిజిస్టరు కాని ఇంటి పంపకాలు ఎందులోనూ కనిపించవు. కుటుంబసభ్యుల ధ్రువపత్రం తీయించి, ఆడపడుచులతో సహా అందరి సంతకాలూ పెట్టించాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పెళ్లయిన కూతుళ్లకూ పిత్రార్జితంలో సమాన హక్కుంది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వస్తుంది. అన్నదమ్ములకు కలిపి జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చి ఉంటే, విడగొట్టించాకే అడ్వాన్సు మాట. ప్రభుత్వం పంచిన డీకేటీ భూమా, రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది బయానాకు ముందే చూసుకోవాలి, తర్వాత కాదు.

ఇక మిద్దె. గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు (సన్న వాసాలు), ఆపైన కట్టెలో నాపబండలో పరిచి, ఆకు, మట్టి, అన్నిటికంటే పైన చౌడు, అంటే చవిటి నేల మట్టి. చౌడులోని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి సందులు మూసేస్తుంది, అందుకే నీరు దిగదు. ఏది చౌడో తేల్చుకోవడం తేలిక: గ్లాసు వాన నీళ్లలో చిన్న బెడ్డ వేసి కదపకుండా ఉంచితే, చుట్టూ పాలలా మబ్బు కమ్మాలి.

"ఏటేటా చౌడెయ్యల్ల సార్, ఎయ్యకుంటే కురుస్తాది" అన్నాడు అక్కడి పాత మేస్త్రి. నిజమే, కానీ మిద్దెను కూల్చేదీ అదే. పాతది చెక్కకుండా ఏటేటా పైపైన వేస్తూ పోతే మందం రెండడుగులకు చేరుతుంది. 20 అడుగులకు 30 అడుగుల మిద్దె మీద అది 1200 ఘనపుటడుగుల మట్టి, సుమారు 57 టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం నడుమ వంగుతుంది, వంగినచోట నీరు నిలుస్తుంది, కురుస్తోందని మళ్లీ మట్టి వేస్తారు. ఆరంగుళాలు ఉంచితే చాలు, అంటే నాలుగు ట్రాక్టర్లు తోలితే దిమ్మిస చేశాక సరిపోతుంది. వాలు మాత్రం నీరు బయటికి పోయే దోనె వైపు ఉండి తీరాలి.

దూలం నడుమ బాగున్నా గోడలో దూరిన కొసలు పుచ్చి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అర అంగుళం మెత్తగా దిగిందా, ఆ దూలం మార్చాల్సిందే. మట్టి దించేముందు ప్రతి దూలానికీ కింద ఆసరా పెట్టి, రెండు వైపుల నుంచీ సమంగా దించాలి. ఒక పక్కే తీస్తే రెండో పక్క బరువు గోడను బయటికి నెడుతుంది. బరువు తీశాక గోడ పైవరసలు వదులవుతాయి, వానకు ముందే టార్పాలిన్ కప్పాలి.

మట్టి తీసేసి స్లాబు వేద్దామని చాలామంది సలహా ఇస్తారు. మట్టితో పేర్చిన రాతిగోడ మీద స్లాబు ఎండకు సాగి, దాని కిందే అడ్డంగా పగులు తెస్తుంది. గోడకు సిమెంటు పూత ఇంకా చేటు, లోపలి తేమ బయటికి రాలేక మట్టి మెత్తబడి గోడ ఉబ్బుతుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకే మేలు.

ఈ వైపు మరో బెడద గుప్తనిధుల తవ్వకాలు. పాడుబడ్డ ఇంట్లో దేవుడి గూడు కింద, గడప పక్కన గుంటలు తవ్వి పైపైన పూడ్చేస్తారు. నేల మీద మడమతో తడుతూ నడిస్తే డొల్ల తెలుస్తుంది. పునాది పక్కన అలాంటిది దొరికితే వదులు మట్టంతా తీసి, గ్రావెల్‌తో ఆరంగుళాల చొప్పున తడిపి దిమ్మిస కొడుతూ నింపాలి. రేగడితో నింపితే మొదటి వానకే ఉబ్బి పునాదిని కదిలిస్తుంది.