ఆదివారం పన్నెండింటికి శక్తిమాన్, ఎనిమిది మందితో మొదలైన సంఘం

ధ్యాన వాక్యం: 1 కొరింథీయులకు 3:6

"నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే."

కొరింథు సంఘంలో అప్పటికే ఫ్యాన్ల గొడవ మొదలైంది. నేను పౌలు మనిషినని ఒకరు, అపొల్లో మనిషినని ఇంకొకరు. మన దగ్గర హీరోల అభిమానులు కటౌటు ఎత్తు గురించి కొట్టుకున్నట్టే. తన పేరు మీద జట్టు కట్టారని తెలిసి పౌలు మురిసిపోలేదు. "అపొల్లో ఎవడు? పౌలెవడు? పరిచారకులే గదా" అని ఆ జట్టును అక్కడే చెదరగొట్టాడు.

సంఘాభివృద్ధి మీద ఇప్పుడు సెమినార్లకు కొదవ లేదు. ఎల్‌ఈడీ తెర, మంచి మిక్సరు, యూట్యూబ్ లైవ్, కారు పార్కింగ్. నాకు వీటి మీద కోపమేమీ లేదు. మైకు గీపెడుతుంటే వాక్యం ఎవరి చెవిన పడుతుంది? కాకపోతే ఇవన్నీ ఉండి కూడా, వరుసగా నాలుగు వారాలు కనపడని మనిషి గురించి ఎవరూ అడగని సంఘాలు ఉన్నాయి. నా అనుమానమంతా అక్కడే.

తొంభైల చివర్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లకు ఆదివారం మధ్యాహ్నం పన్నెండంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. దూరదర్శన్‌లో శక్తిమాన్! మాకు హిందీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎత్తుపళ్ల గంగాధర్ గిర్రున తిరిగి శక్తిమాన్ అయిపోతే చాలు, మిగతా కథ మేమే అల్లుకునేవాళ్లం. చిక్కల్లా ఏమిటంటే, సరిగ్గా ఆ టైముకే పాస్టరుగారి ప్రసంగం రెండో అంశంలోకి వచ్చేది. మొత్తం మూడు అంశాలుంటాయని మాకు బాగా తెలుసు. పక్కింటి టీవీ సౌండు కిటికీలోంచి వినపడుతుంటే, ఆ కిటికీ పక్క చోటు కోసం తోపులాట. పెద్దవాళ్లేమో పిల్లలకు వాక్యం మీద ఆసక్తి పెరిగిందనుకునేవారు.

ఆ రోజుల్లోనే ఒక క్రిస్మస్ నాటకంలో గబ్రియేలు దూత వేషం వేసినవాడు మరియమ్మ ముందుకు గిరగిరా తిరుగుతూ వచ్చి ఆగాడు. "దయాప్రాప్తురాలా, నీకు శుభము" అనాలి. తల తిరిగి డైలాగు మర్చిపోయాడు. మరియమ్మే అందించింది. హేరోదు సంగతి సరేసరి. కిరీటం, మీసం, గద అన్నీ నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచి వచ్చేవి కాబట్టి మా హేరోదు ప్రతి ఏడూ దుర్యోధనుడిలాగే నవ్వేవాడు.

ఆ పిల్లల్లో చాలామంది ఇప్పటికీ సంఘంలోనే ఉన్నారు. ప్రసంగాల వల్ల అని నేను చెప్పలేను. మా సండే స్కూలు అక్క వల్ల అని మాత్రం చెప్పగలను. ఆదివారం ఎవరైనా డుమ్మా కొడితే సోమవారం సాయంత్రం వాళ్ల వాకిట్లో ఉండేది. తిట్టేది కాదు. "నిన్న శక్తిమాన్‌లో ఏమైందిరా, నాకూ చెప్పు" అని అరుగు మీద కూర్చునేది. కథంతా విని, బంగారు వాక్యం అప్పజెప్పించుకుని, వాళ్లమ్మతో రెండు మాటలు మాట్లాడి వెళ్లేది. అక్క ఆ ఇంటికి వచ్చిన సంగతి ఏ రిపోర్టులోనూ ఎక్కలేదు.

తెలుగు నేల మీద సంఘం ఉప్పెనలా పెరిగిన ఒక కాలం ఉంది. దాని వెనక కూడా ఇలాంటి రాకపోకలే కనిపిస్తాయి.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ ఏళ్ల తరబడి ఫలితం లేక, మూసేద్దామా అనే చర్చ దాకా వెళ్లింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు ఇక్కడి విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి మోకరించారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. కింద ఊళ్లో అప్పటికి ఆ మిషన్‌కు సంఘమే లేదు. తర్వాత వచ్చిన అదే మిషన్ మిషనరీ జాన్ క్లౌ దొర కాపురం ఒంగోలుకు మారింది 1866లో. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది.

మరి పల్లెలకు కబురు మోసింది ఎవరు? ముందుగా చెప్పాల్సిన పేరు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయనకు వేదిక లేదు, చుట్టరికం ఉంది. ఏ పల్లెకు వెళ్లినా ఒక బావో, మేనత్తో, వియ్యంకుడో ఉంటారు. రాత్రి అన్నాలయ్యాక మంచం వాల్చుకుని చెప్పే మాటకు మైకు అక్కర్లేదు.

ఆ పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలయ్యేసరికి ఒంగోలులో పై కులాలవాళ్లు తమ పిల్లల్ని మిషన్ బడి మాన్పించారు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి? దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు" అనే చోటు. అది కూడా ఈ కొరింథు పత్రికలోదే, మొదటి అధ్యాయం. తలుపు మూయకూడదని ఆ ఇంట్లో తేలిపోయింది.

తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బోధకులే మేస్త్రీలు. పగలంతా మట్టి తట్టలు మోసినవాళ్ల మధ్య కూర్చుని, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అనే మాట చెప్పేవారు. ఆ వాక్యానికి అక్కడ వివరణ ఏం కావాలి? బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. దొర ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే అది అన్నానికి కట్టిన వెల అవుతుందని ఆయన భయం. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతులవారీగా నీళ్లలోకి దిగి ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దొర ఒడ్డునే ఉన్నాడు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

సెమినార్లలో ఈ 2,222 అంకె తప్పకుండా వినిపిస్తుంది. నన్నడిగితే, అంతకుముందు పదిహేను నెలల పాటు నిలిచిన సున్నాను ముందు చెప్పాలి. మనలో ఎంతమంది పాస్టర్లు అన్ని నెలలు ఖాళీ రిపోర్టు పంపగలరు? 1872 నుంచే రామాయపట్నంలో బోధకులకు శిక్షణ నడుస్తోందన్నది కూడా చెప్పాలి. జనం రాకముందే వాళ్లను చూసుకునే మనుషుల్ని తయారు చేస్తున్నారన్నమాట.

సరిగ్గా నూరేళ్లకు, 1978లో, కరుణామయుడు సినిమా వచ్చింది. కాకతాళీయమే అనుకోండి. పల్లెల్లో తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు మీద వేస్తే, మతంతో పని లేకుండా ఊరంతా చాపలు తెచ్చుకునేది. ఈనాటికీ నేను కళ్లు మూసుకుని ప్రార్థిస్తే యేసుప్రభువు ముఖం కాసేపు విజయచందర్‌గారి ముఖమే. ప్రభువు నవ్వుకుంటూ ఉంటారు. సిలువ దగ్గర ఏడ్చిన జనం తెర విప్పగానే చాపలు చుట్టుకుని ఇళ్లకు పోయేవారు. మర్నాడు ఎవరైనా ఆ వీధిలోకి వచ్చి "ఏమమ్మా, రాత్రి ఏడ్చావు కదా, ఏమైంది?" అని అడిగిన చోట్ల గృహ కూటాలు పుట్టాయి. అడగని చోట సినిమా సినిమాగానే మిగిలింది.

పెరిగాక గొడవలుండవని కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. శిష్యుల సంఖ్య పెరుగుతుండగానే భోజనాల దగ్గర సణుగుడు వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని. అపొస్తలులు దాన్ని అవిశ్వాసమని గద్దించలేదు. ఏడుగురిని ఎంపిక చేయించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు ఆకలితో లేచిపోయారో, వాళ్ల మనుషుల చేతికే గరిటె వెళ్లినట్టు నాకనిపిస్తుంది. వెంటనే ఏడో వచనంలో "శిష్యుల సంఖ్య యెరూషలేములో బహుగా విస్తరించెను" అని ఉంది.

మన ప్రేమ విందుల్లో కూర అయిపోయేది ఎప్పుడూ చివరి బంతికే. ఆ బంతిలో ప్రతిసారీ ఎవరు కూర్చుంటున్నారో ఈ ఆదివారం ఒకసారి చూడండి. వచ్చే విందుకు గరిటె ఎవరికివ్వాలో కమిటీ మీటింగు పెట్టకుండానే తెలుస్తుంది.