ఒక్క మాట అనలేదు, ఒక్క మాట అడగలేదు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు హోంవర్క్ నోట్‌బుక్ పట్టుకుని వచ్చి "పెదనాన్నా, ఓపెన్ మైండెడ్‌ని తెలుగులో ఏమంటారు" అని అడిగింది. ఐదో క్లాసు పిల్ల. నేను పెద్దగా ఆలోచించకుండా విశాల హృదయం అని రాసుకో అన్నా. రాయలేదు, పెన్సిల్ అలాగే గాల్లో పట్టుకుని "అది డబ్బులిచ్చేవాళ్ళని అంటారు కదా?" అంది. నిజమే కదా అనిపించింది. పెద్ద మనసు, విశాల హృదయం అంటే మనకి ముందు గుర్తొచ్చేది ఇచ్చేవాడు, లేదంటే ఎదుటివాడి తప్పు క్షమించేవాడు, అంతేగానీ నా అభిప్రాయం తప్పేమో ఓసారి చూద్దాం అనుకునేవాడు కాదు.

పోనీ మనసు తెరవడం అనే మాటే వాడదామా అంటే అక్కడ ఇంకో చిక్కు. మనం మనసు విప్పేది మాట్లాడ్డానికి, "మనసు విప్పి చెప్పు" అంటాం, లోపలున్నది బయటికి రావాలని, బయటి మాట లోపలికి వెళ్ళాలని కాదు. లోపలికి వెళ్ళే దారి మన భాషలో చెవి. చెవిన పెట్టడం, చెవి ఒగ్గి వినడం, అసలు వినకపోతే పెడచెవిన పెట్టాడు అనడం, అన్నీ చెవి మీదే.

ఇక సహనం. పరమత సహనం, భిన్నాభిప్రాయాల పట్ల సహనం అని పేపర్లలో, స్పీచుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మాటే. నాకు మాత్రం ఇది ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది, ఎందుకంటే సహించడం అంటే ఓర్చుకోవడం, నొప్పిని సహిస్తాం, ఎండని సహిస్తాం, మరి మనిషిని సహించడమేంటి? ఇంగ్లీషు టాలరెన్స్ కూడా తక్కువేం కాదు, అది లాటిన్ టోలెరారే నుంచి వచ్చింది, దానికీ భరించడం అనే అర్థం. 1893లో చికాగో సభలో వివేకానందుడు మేము సహనంతో ఆగిపోం, అన్ని మతాలూ సత్యమని అంగీకరిస్తాం అన్నాడంటే ఆయనకీ ఆ మాట చాలలేదన్నమాట. 1995లో యునెస్కో సహనం గురించి ఒక ప్రకటన చేసినప్పుడు కూడా, సహనమంటే దయతలచి ఒప్పుకోవడమో పైనుంచి కిందికి చూసి వదిలెయ్యడమో కాదు అని విడిగా రాసుకోవాల్సి వచ్చింది. ఆ మాటని జనం అలా అర్థం చేసుకునే ప్రమాదం ఉందని తెలిసే రాసుంటారు.

ఇదంతా నాకు ఎందుకు ఇంత పట్టిందంటే దానికి కారణం ఆ పిల్ల వాళ్ళమ్మ. తమ్ముడిది ప్రేమ పెళ్ళి, అమ్మాయి మతం వేరు, భాష వేరు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో గొడవ చెయ్యలేదు, ఎవ్వరూ మొహం చిట్లించలేదు, దాన్ని మేము చాలా గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా, మాది ఓపెన్‌గా ఉండే ఫ్యామిలీ అని. ఓసారి నేను ఆమె ముందే ఎవరితోనో అలా అంటే ఆమె తర్వాత నెమ్మదిగా, కోపం లేకుండానే, "బావగారూ, ఈ ఇంట్లో నన్ను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు, అది నిజమే. ఒక్క మాట అడగలేదు కూడా" అంది. నాకు నోట మాట రాలేదు. పన్నెండేళ్ళు మేము ఆమెని సహించాం, అంతే. ఆమె మా భాష నేర్చుకుంది, మా వాళ్ళందరి పేర్లూ వరసలూ నేర్చుకుంది, మేము ఆమె గురించి నేర్చుకున్నది ఏమైనా ఉందా అంటే చెప్పుకోడానికి ఒక్కటీ లేదు.

ఆ తర్వాతే అశోకుడి పన్నెండో శిలాశాసనం మళ్ళీ చదివా. తన మతాన్ని పొగుడుకుని పక్కవాడి మతాన్ని తిట్టేవాడు చివరికి తన మతానికే చెడు చేస్తాడు అని చెప్పే శాసనం అది. అందులో అన్ని మతాల వాళ్ళూ బహుశ్రుతులు కావాలి అన్న మాట ఉంది, అంటే చాలా విన్నవాళ్ళు. మనం ఇప్పుడు బహుశ్రుతుడు అంటే పెద్ద పండితుడు అనుకుంటాం గానీ మాట లోపల ఉన్నది వినడమే, ఒకళ్ళ ధర్మం ఇంకొకళ్ళు వినండి అని ఆయన అడుగుతున్నాడు. ఇంకోటి చూడండి, ఆ శాసనాల్లో పాషండం అంటే కేవలం ఒక మతశాఖ, అందులో తిట్టేమీ లేదు. తర్వాత తర్వాత అదే మాట మతభ్రష్టుడు, దుర్మార్గుడు అనే అర్థంలోకి దిగిపోయింది. పక్కవాడి నమ్మకానికి ఉన్న పేరే తిట్టయిపోయిందంటే, మధ్యలో మనుషులు ఒకళ్ళనొకళ్ళు వినడం మానేశారనే నాకు అనిపిస్తుంది.

తెలుగులో నాకు బాగా నచ్చే మాట మన్నించడం. ఇప్పుడు దాన్ని క్షమించడం అనే అర్థంలోనే వాడుతున్నాం గానీ మన్నన అంటే గౌరవం, మాట మన్నించడం అంటే విని విలువిచ్చి ఒప్పుకోవడం. క్షమ, గౌరవం, వినడం మూడూ ఒక్క మాటలో ఉన్నాయి, ఇంకేం కావాలి. కలుపుకుపోవడం కూడా మంచి మాటే. సర్దుకుపోవడం మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే అది ఎప్పుడూ బలం లేనివాళ్ళకే చెప్తారు, కోడలికి, చిన్నవాడికి, కొత్తగా వచ్చినవాళ్ళకి.

పిల్లకి చివరికి పట్టువిడుపులు తెలిసిన మనిషి అని చెప్పా. దేన్ని పట్టుకోవాలో దేన్ని వదలాలో తెలిసినవాళ్ళు అని వివరిస్తే "ఇది బావుంది" అని గుండ్రంగా రాసుకుంది, ఒత్తులు రెండుసార్లు చెరిపి మళ్ళీ రాసింది.

వాళ్ళమ్మ పక్కనే బట్టలు మడతపెడుతోంది. నేను "అమ్మా, చిన్నప్పుడు మీ ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవాళ్ళు" అని అడిగా. చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఒక పేరు చెప్పింది, ఈ పన్నెండేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా వినని పేరు. ఆ పేరుకి వాళ్ళ భాషలో అర్థమేంటో, ఎవరు పెట్టారో చెప్తూ కూర్చుంది. పిల్ల పెన్సిల్ పక్కన పడేసి, "అమ్మా, నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదేంటి" అంటూ ఒళ్ళోకెక్కింది.