బెత్తెడు గడప

కడపలో మా అత్తగారింటి వాకిలికి బెత్తెడు ఎత్తున పాత టేకు గడప ఒకటి ఉంది. శుక్రవారాల్లో దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడమూ, మిగిలిన రోజుల్లో దాని మీద ఎవరూ కూర్చోకుండా, నిలబడి కబుర్లు చెప్పకుండా కాపలా కాయడమూ మా అత్తగారి పని. నలభై ఏళ్లుగా ఆవిడ మాటను ఈ ఇంట్లో ఎవరూ జవదాటలేదు. ఇప్పుడు 22 నెలలు నిండిన మా అబ్బాయికి మాత్రం ఆ గడపను మించిన ఆసనం ఇంట్లో మరొకటి కనిపించదు. కుర్చీలో కూర్చోబెడితే జారి దిగిపోతాడు, చాప మీద కూర్చోబెడితే చాపనే చుట్టేస్తాడు, గడప మీదైతే రెండు కాళ్లూ బయటికి చాచుకొని, వేలితో పసుపు గీకి నాకుతూ, వీధిలో వచ్చిపోయేవారిని తనిఖీ చేసే అధికారిలా గంటసేపైనా కూర్చుంటాడు. "గడప మీద కూసోకూడదు సామీ" అని మా అత్తగారు రోజుకు పదిసార్లు చెబుతుంది. వాడు వింటాడు, తలాడిస్తాడు, అక్కడే కూర్చుంటాడు.

అయితే ఆ గడపను వాడు దాటడానికి పట్టిన కాలమూ, దాని చుట్టూ మా ఇంట్లో జరిగిన పంచాయితీలూ చెప్పుకోదగినవి.

మా వాడు అందరు పిల్లల్లా పాకలేదు. తొమ్మిదో నెలలో కూర్చోవడం బాగా కుదిరాక, ఇక మోకాళ్ల మీదికి వస్తాడని మేము ఎదురుచూస్తూ ఉంటే, వాడు ఒక కాలు మడిచి, మరో కాలు తెడ్డులా ముందుకు వేసి లాక్కుంటూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరగడం మొదలుపెట్టాడు. ఈ విద్యకు మా ఇంటి నేల బాగా కలిసివచ్చింది. ఎర్రగుంట్ల వైపు గనుల నుంచి వచ్చే నల్లటి నాపబండలు పరిచిన నేల అది. మా మామగారు ఇల్లు కట్టించిన నాటి నుంచి అన్ని వేల అడుగులు పడి, అన్ని బకెట్ల నీళ్లతో తుడుపులు తిని, అద్దంలా నున్నబడి ఉంది. దాని మీద మా వాడు తుంగభద్రలో పుట్టి నడిపేవాడిలా వంటింటి నుంచి హాల్లోకి, హాల్లో నుంచి దేవుడి గూటి దగ్గరికి సాగిపోయేవాడు. ఊరూరా ఇళ్లలో కడప బండలను అరుగులకూ, వంటింటి గట్లకూ, అలమరలకూ వాడుతారని తెలుసు గానీ, వాటికి ఇలాంటి ఉపయోగం కూడా ఉందని మా ఇంట్లోనే చూశాను. ఆ మూడు నెలల్లో వాడి చెడ్డీలన్నీ సరిగ్గా ఒకే చోట అరిగిపోయాయి. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "ఇంగ మీకు ఇల్లు తుడిచే పని లేదులే పాపా" అని నవ్వి పోయింది.

నవ్వినంతవరకు బాగానే ఉండేది గాని, ఏడాది నిండి పదమూడో నెల కూడా అయిపోయాక అదే పెద్దమ్మ గొంతు మారింది. "మా మనవడు పదో నెలకే నడిచినాడు" అన్నది మొదటి మాట. వీధిలో పదో నెలకే నడవని మనవళ్లు ఎవరూ లేరని ఆ తరువాత వారంలో నాకు అర్థమైంది. ఆంజనేయస్వామికి మొక్కుకోమన్నవారు కొందరు, నువ్వుల నూనెతో కాళ్లు తోమమన్నవారు కొందరు, చక్రాల బండిలో వేస్తే వాడే నడుస్తాడన్నవారు కొందరు. ఆ బండి మాత్రం నేను కొననివ్వలేదు. దాని వల్ల నడక త్వరగా రాకపోగా, మెట్ల దగ్గర దొర్లిపడే ప్రమాదం ఉంటుందని పిల్లల డాక్టరుగారు ముందే హెచ్చరించారు.

నేను కూడా ధైర్యస్థురాలినేమీ కాదు. రాత్రిపూట వాడు నిద్రపోయాక ఫోనులో వెతుక్కునేదాన్ని. అలా వెతుకుతున్నప్పుడే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటి కంటబడింది. భారత్‌తో సహా ఐదు దేశాలలో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను క్రమం తప్పకుండా గమనించి చూస్తే, తమంతట తాము నడవడం 8 నెలలు దాటిన దగ్గర నుంచి 17 నెలలు దాటేవరకు ఎప్పుడైనా జరగవచ్చునని తేలిందట. అంతకన్నా నాకు ఊరటనిచ్చిన సంగతి, ఆ పిల్లలలో నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్లూ ఆనించి పాకనే లేదని అందులో ఉండడం. కూర్చొని జరిగే పిల్లలకు నడక కొంచెం ఆలస్యంగా వస్తుందని డాక్టరుగారు కూడా అన్నారు. పక్కవాళ్ల మనవళ్లకూ నా నిద్రకూ మధ్య ఆ అంకెలు కొన్నాళ్లు అడ్డుగోడగా నిలిచాయి. మా అత్తగారికి చెబితే ఆవిడ మరో కోణంలో ఆలోచించింది: "అంటే ఇంగా నాలుగు నెలలు ఉందన్నమాట. బియ్యం ఎప్పుడు నానబెట్టాల?"

ఇక్కడ బియ్యం సంగతి చెప్పాలి. బిడ్డ ఎదిగే ప్రతి మెట్టుకూ మన ఇళ్లలో ఒక పిండివంట ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, అడుగులు వేస్తే అరిసెలు అని కోస్తావారు అక్షరాలు కలిపి ముచ్చటగా చెబుతారు. మా వైపు బొబ్బట్టును ఓళిగ అంటాం కాబట్టి ఆ ప్రాస మొదటి మెట్టులోనే తెగిపోతుంది. అరిసెను అత్తిరసం అంటాం కాబట్టి అడుగుల దగ్గర మళ్లీ అతుక్కుంటుంది. ఓళిగలతో ఇబ్బంది లేదు, బిడ్డ పొద్దున బోర్లా పడితే మధ్యాహ్నానికి పూర్ణం సిద్ధం చేయవచ్చు. అత్తిరసాలు అలా కావు. బియ్యం ముందురోజే నానబెట్టాలి, వార్చాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి, బెల్లం పాకం ముదరకుండా, జారకుండా చూసుకొని పిండి కలపాలి. ఒక రోజు ముందస్తు నోటీసు లేనిదే జరగని పని అది. నడిచేవాడు నోటీసు ఇవ్వడు.

పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం మా వాడు మంచం పట్టె పట్టుకొని లేచి, పట్టె వదిలి, సరిగ్గా రెండడుగులు వేసి కూలబడ్డాడు. మా అత్తగారు ఆ రాత్రికే బియ్యం నానబోసింది. మరునాడు పిండి పట్టించింది, పాకం పట్టింది, బంధువులకు ఫోన్లు వెళ్లాయి. వాడు మాత్రం తాను చేసిన పనికి తానే భయపడినవాడిలా, మళ్లీ నేల మీద కూర్చొని తెడ్డు వేసుకుంటూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, పదకొండు రోజులు లేవలేదు. పాకంపిండి డబ్బాలో నిలువ ఉంటుంది గనుక మొదటి వారం ఎవరూ కంగారు పడలేదు. ఆ తరువాత దాన్ని పారబోయలేక నూనెలో వేసి అత్తిరసాలు కాల్చారు. చక్కెరజబ్బు ఉన్న మా మామగారు, మనవడి కోసం చేసిన పదార్థం వృథా కాకూడదన్న ధర్మచింతతో, ఎవరూ చూడనప్పుడు ఎన్ని తిన్నారో లెక్క తేలలేదు.

ఈ మధ్యలోనే గడప మీద పెద్ద వివాదం నడిచింది. ఒకనాడు వాడు జరుగుతూ జరుగుతూ గడప దాకా వచ్చి, ఎదురుగా ఎక్కలేక, వెనక్కి తిరిగి, ముందు పిరుదులను గడప మీదికి చేర్చి, ఆ పైన కాళ్లను ఒక్కొక్కటిగా అవతలికి దించి, బయటి మెట్టు మీద విజేతలా కూర్చున్నాడు. గడప దాటాడని నేను కేకవేశాను. మా ఆయన ఫోటో తీశారు. వంటింట్లో నుంచి వచ్చిన మా అత్తగారు పరిస్థితిని నిదానంగా పరిశీలించి తీర్పు చెప్పింది: "కాలితో దాటితేనే దాటినట్టు. ముడ్డితో దాటింది లెక్కలోకి రాదు." పై కోర్టు లేని ఇల్లు కాబట్టి ఆ తీర్పే ఖాయమైంది.

చివరికి వాడిని నడిపించింది ఆంజనేయస్వామీ కాదు, నువ్వుల నూనే కాదు, చెత్తబండి. రోజూ పొద్దున మైకులో పాట పెట్టుకొని మా వీధిలోకి వచ్చే నగరపాలక బండి అంటే వాడికి ప్రాణం. పాట మలుపులో వినిపించగానే చేతిలో ఏమున్నా వదిలేసి వాకిలి వైపు జరిగేవాడు. గడప దగ్గర ఆగి చేతులు ఊపేవాడు. సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, పండగ వల్ల బండి ఆలస్యంగా వచ్చి, తొందరగా వెళ్లిపోబోయింది. మా వాడు గడప చేరేసరికి అది మా ఇల్లు దాటి పక్కింటి ముందు ఉంది. గడప దగ్గర కూర్చుంటే కనిపించదు. వాడు తలుపు చెక్క పట్టుకొని లేచాడు. కుడికాలు ఎత్తి గడప అవతల పెట్టాడు, ఎడమకాలు కూడా పెట్టాడు, తలుపు వదిలేశాడు, ముగ్గు మీదుగా ఐదారు అడుగులు నడిచి వీధి అంచున నిలబడి, "బండీ!" అని అరిచాడు.

చీపురు పట్టుకొని వాకిట్లోనే ఉన్న నేను ఆ అడుగులన్నీ చూశాను గాని, ఫోను లోపల ఉండడం వల్ల ఆ దృశ్యానికి ఫోటో లేదు. పరుగున వచ్చిన మా అత్తగారు మాత్రం జీవితంలో మొదటిసారి గడప మీద నిలబడి చూసింది. ఆ సంగతి నేను ఇప్పటివరకు ఆవిడకు గుర్తుచేయలేదు. పండగకని చేసిన అత్తిరసాలు డబ్బా నిండా ఉన్నాయి కాబట్టి, ఒక్క రోజైనా ముందస్తు నోటీసు అవసరం లేకుండా ఆ క్షణమే తంతు జరిగిపోయింది. పళ్లెంలో అత్తిరసాలు పరిచి వాడిని వాటి మీద అడుగు వేయించాలి. తరువాత వాటిని పిల్లలకు పంచాలి. పళ్లెం చూడగానే వాడు నడక మానేసి దాని ముందు చతికిలబడి, అత్తిరసాల మీద అద్దిన నువ్వులను ఒక్కొక్కటిగా ఏరి తినడం మొదలుపెట్టాడు. రెండు చేతులు పట్టి నిలబెడితే కాళ్లు పైకి మడిచేశాడు. ఆఖరికి ఒక బొటనవేలు ఒక అత్తిరసానికి తగిలిందని అందరం ఒప్పుకున్నాం. మొదటి రెండు అత్తిరసాలు చెత్తబండి అన్నకు వెళ్లాయి. అది న్యాయమే.

నడక వచ్చాక మాటలు వరదలా వస్తాయని అన్నారు గాని, మా వాడి నోట "బండి" తరువాత నెలరోజుల పాటు మాకు దక్కిన మాట "వద్దు" ఒక్కటే. బువ్వ వద్దు, లాల వద్దు, చొక్కా వద్దు. లడ్డూను రెండు చేతులా పట్టుకొని తింటూ కూడా లడ్డూ వద్దు. ఆ తరువాత అత్త, తాత, అక్క, అవ్వ వరుసగా వచ్చాయి. ఈ చిన్న మాటలు పసినోటికి ఎంత సులువుగా కుదురుతాయో చూస్తే, చుట్టరికాల పేర్లన్నీ పెద్దలు కాక పిల్లలే పెట్టి ఉంటారనిపిస్తుంది. వీటన్నిటిలోకీ చిక్కు తెచ్చిపెట్టిన మాట "జేజి". మా సీమలో నాయనమ్మను జేజి అంటాం. చిన్నపిల్లలకు దేవుణ్ణి చూపించేటప్పుడు కూడా జేజి అనే అంటాం. ఒకే మాటకు ఇద్దరు హక్కుదారులు ఉన్న సంగతి పెద్దవాళ్లమైన మాకు ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు.

మొన్నటి ఉగాదికి దేవుని కడప వెళ్లాం. తిరుమల యాత్రకు ఇది తొలి గడప అని పెద్దలు చెప్పుకొనే లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి అది. బీబీ నాంచారి తమ ఆడపడుచు, వేంకటేశ్వరుడు తమ అల్లుడు అన్న భావంతో ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కూడా కొబ్బరికాయలతో వచ్చి దర్శనం చేసుకునే ఆనవాయితీ ఉండడం వల్ల, ఆ రోజు వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. గంట నిలబడ్డాక గర్భగుడి ఎదుటికి చేరాం. మా ఆయన వాడిని పైకెత్తి, "జేజికి దండం పెట్టు నాయనా" అన్నారు. వాడు చుట్టూ చూశాడు. వెనకాల నిలబడిన మా అత్తగారు కనబడగానే మొహం వెలిగిపోయి, స్వామి వైపు వీపు తిప్పి, ఆవిడకు రెండు చేతులూ జోడించాడు. "నాకు కాదురా, అట్ల తిరుగు, ఆ జేజికి" అని ఆవిడ కంగారుపడుతూ ఉంటే, "జేజీ, జేజీ" అంటూ మరింత గట్టిగా దండాలు పెట్టాడు. వెనక వరుసలో బుర్ఖా వేసుకున్న ఒక పెద్దావిడ నవ్వు ఆపుకోలేక, "బిడ్డ సరిగ్గానే పెట్టినాడులేమ్మా" అన్నది. ఇంటికి వచ్చాక మా అత్తగారు రెండు రోజులు ఆ మాటనే అందరికీ చెప్పుకుంది.

అంత దేవత అయిన జేజి కూడా కారం దోసె విషయంలో వాడిని కాపాడలేకపోయింది. ఆదివారం మామగారు తెచ్చిన పొట్లంలోని దోసె మీద పూసిన ఎర్రకారాన్ని జామ్ అనుకొని వాడు వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తరువాత కళ్లు పెద్దవయ్యాయి, చెవులు ఎర్రబడ్డాయి, ఆపైన వచ్చిన ఏడుపు వీధి మలుపు దాకా వినిపించి ఉంటుంది. నేను నీళ్లకు పరుగెత్తాను. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీటిలో కరగదని, పాలలోని మాంసకృత్తే దాన్ని పట్టి లాగేస్తుందని నేను చదువుకున్న రసాయనశాస్త్రం ఆ సమయానికి గుర్తుకు రాలేదు. ఏ శాస్త్రమూ చదవని మా అత్తగారు అప్పటికే గిన్నెలో గడ్డ పెరుగు పట్టుకొని నిలబడి ఉంది. నాలుగు చెంచాల పెరుగు తిన్నాక వాడు కళ్లు తుడుచుకొని, దోసె వైపు వేలు చూపి, "ఇంకా" అన్నాడు. కడప బిడ్డ అనిపించుకున్నాడని మామగారు మురిసిపోయారు; పొట్లం తెచ్చినందుకు ఆయనకు పడవలసిన చీవాట్లు ఆ మురిపెంలో సగం తగ్గాయి.

ఈ మధ్య వాడికి కొత్త పని దొరికింది. ఎండ తగ్గి, పాలకొండల వైపు నుంచి కాస్త గాలి తిరిగే వేళకు ఇంట్లోని చెప్పులన్నిటినీ ఒక్కొక్కటిగా మోసుకువచ్చి గడప అవతల వరుసగా పెడతాడు. నాదొకటి, వాళ్ల జేజిదొకటి కలిపి జత చేస్తాడు. వాళ్ల నాయన బూటు ఒకటి ఎప్పుడూ తులసి కుండీ వెనకాల దొరుకుతుంది. అన్నీ పెట్టాక గడప మీద కూర్చొని, లోపలికి తిరిగి, "పా" అంటాడు. ఎవరూ కదలకపోతే మళ్లీ అంటాడు. మా అత్తగారు గడప మీద కూసోకూడదని చెబుతూనే, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు తొడుక్కొని వాడి వెంట వీధి మలుపు దాకా వెళ్లివస్తుంది.