ఒక నూలు కోసం హైదరాబాద్ వెళ్లొచ్చిన కథ

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మా లేతు (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) మళ్లీ తిరిగింది, పదిహేడు రోజుల తర్వాత. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. కోపం చల్లారితే సగం మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. మా నాన్నగారు వేలంలో కొన్న ఇంగ్లండు లేతు ఒకటి ఉంది, వయసులో నాకంటే పెద్దది. దాని బ్యాక్ గేరులో, అంటే వేగం తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాల్లో, 40 పళ్ల పోత ఇనుప చక్రానికి మూడు పళ్లు రాలిపోయాయి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. డ్రాయింగు లేదు. "ఇప్పుడు అన్నీ స్కానింగేనండీ, వస్తువు ఆకారం కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తారు" అని ఒక కస్టమరు అంటే, హైదరాబాద్ బాలానగర్ వైపు ఒక సెంటరుకు ఫోను చేశాను. గేరును కిరోసిన్‌తో కడిగి, గోనెపట్టాలో చుట్టి, రాత్రి బస్సెక్కాను.

స్కానింగు అరగంట పని. మెరిసే చోట కాంతి అద్దం మీద పడ్డట్టు ఒకే వైపు తిరిగిపోకుండా తెల్లటి పొడి స్ప్రే చేశారు, చుట్టూ చుక్కల స్టిక్కర్లు అంటించారు, తిప్పుతూ తీశారు. అంతే.

ఆ తర్వాత ప్రోబుతో, అంటే తాకి కొలిచే సూదితో, కొలిచారు. గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచి, గేరును రాత్రంతా అక్కడే వదిలేయమన్నారు. ఎండలోంచి తెచ్చిన ఇనుమును వెంటనే కొలవకూడదు, ఆ జాగ్రత్త మాత్రం మెచ్చుకోవాలి. ప్రోబు కొసన చిన్న కెంపు గోళీ ఉంటుంది. మిషను గుర్తుపెట్టుకునేది ఆ గోళీ మధ్య బిందువును. తాకిన దిక్కు సరిగ్గా తెలిస్తేనే గోళీ వ్యాసార్ధం తీసేసి అసలు ఉపరితలం ఎక్కడుందో చెప్పగలదు. ఈ ప్రోబును 1972లో డేవిడ్ మెక్‌మర్ట్రీ కాంకార్డ్ విమానపు ఇంజను గొట్టాలు కొలవడం కోసం కనిపెట్టాడని అక్కడి కుర్రాడికి నేనే చెప్పాను. అతను నవ్వి ఊరుకున్నాడు. బయటి వ్యాసం ప్రోబుతో 133.10 మిల్లీమీటర్లు వచ్చింది. బస్సెక్కే ముందు నా పాత వెర్నియర్‌తో (చేత్తో పట్టి కొలిచే పనిముట్టు) నాకు వచ్చింది 133.08. అది కూడా చెప్పాను. దానికి నవ్వలేదు.

మూడో రోజు ఫైలు పంపారు. తెరిస్తే మొత్తం త్రికోణాల వల. ఎస్‌టీఎల్ అంటారు. అది భాగానికి తీసిన అచ్చు మాత్రమే, అందులో వృత్తమూ లేదు, అక్షమూ లేదు, చివరికి కొలత మిల్లీమీటర్లలోనో అంగుళాలలోనో కూడా రాసి ఉండదు. గేరు కోసే వాళ్లకు అది దేనికీ పనికిరాదు. అడిగితే "సాలిడ్ మోడల్‌కు వేరే చార్జీ అండీ" అన్నారు. కొటేషన్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. మీరు వెళితే, స్టెప్ ఫైలూ (సాలిడ్ మోడల్ ఉండే ఫైలు) కొలతలతో డ్రాయింగూ కలిపే ధర అని కాగితం మీద రాయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. డబ్బు కట్టాను.

అసలు కథ ఇక్కడ మొదలైంది. గేరు పంటి పరిమాణాన్ని మాడ్యూల్ అంటాం. బయటి వ్యాసాన్ని పళ్ల సంఖ్యకు రెండు కలిపి భాగిస్తే వస్తుంది. 133.10ని 42తో భాగిస్తే 3.169. అలాంటి మాడ్యూల్ ప్రామాణిక కొలతల పట్టికలో లేదు. మూడు ఉంది, మూడుంపావు ఉంది. కుర్రాడు 3.25 ఎంచుకుని, వ్యాసం సరిపోవడానికి కరెక్షన్ (పంటి ఆకారంలో సర్దుబాటు) పెట్టాడు. రాలిన మూడు పళ్ల చోట పక్కనున్న పంటిని నకలు తీసి, నలభై సార్లు తిప్పి అతికించాడు. ఆ పక్క పన్ను ఒకవైపు అరిగిపోయి ఉందని నేను చెబుతూనే ఉన్నాను. ఈ గేరూ దాని జత గేరూ తిరిగే షాఫ్టుల మధ్య దూరం 101.6 మిల్లీమీటర్లు అని మా షెడ్డులో కొలిచి తీసుకెళ్లిన చీటీ ఇస్తే, "అరుగుదల వల్ల అలా వచ్చి ఉంటుంది సార్, 101.5 అయి ఉంటుంది" అన్నాడు. నేను తలూపాను. అదీ నా తప్పు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు చెబితే ముప్ఫై ఏళ్లు లేతు మీద నిలబడ్డవాడికి కూడా నోరు రాదు.

అక్కడే ఈఎన్8 అనే రకం ఉక్కులో గేరు కోయించి తెచ్చి బిగించాను. చేత్తో తిప్పితే తిరిగింది. పక్క షెడ్డు వాళ్లను కూడా పిలిచి మోటారు వేశాను. కుక్క ఊళ పెట్టినట్టు అరిచింది. టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

పక్క షెడ్డులో మిల్లింగ్ చేసే బాబాయి గారు సాయంత్రం వచ్చారు. ఆయనకు డెబ్బై దాటాయి. పాత గేరును ఒళ్లో పెట్టుకుని, వెర్నియర్‌తో మూడు పళ్ల మీద ఒకసారి, నాలుగు పళ్ల మీద ఒకసారి పట్టారు. రెండు కొలతల మధ్య తేడా 9.65 మిల్లీమీటర్లు. అరిగినంత మేర రెండు కొలతల్లోనూ తగ్గుతుంది కాబట్టి తేడాలో అది కొట్టుకుపోతుందట.

"షాఫ్టుల మధ్య ఎంతుందబ్బాయ్?"

"101.6 అండీ."

"అంటే నాలుగు అంగుళాలేగా. దాని జత గేరుకు ఎన్ని పళ్లు?"

"24."

"అయితే దీని పిచ్ సర్కిలు ఎంతొస్తుందో లెక్కేసి చెప్పు."

పిచ్ సర్కిలు అంటే జత గేరుతో కలిసి దొర్లే ఊహా వృత్తం. షాఫ్టుల దూరానికి రెట్టింపు 203.2ను 40తో గుణించి, రెండు గేర్ల పళ్ల మొత్తం 64తో భాగించాను. 127. ఆయన ఏమీ అనకుండా గోడ వైపు చూశారు. అక్కడ మేకుకు 127 పళ్ల గేరు వేలాడుతోంది. అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల మర (బోల్టు చుట్లు) కోయడానికి నేను వారానికి రెండు సార్లు తగిలించే గేరు. ఐదు అంగుళాలంటే 127 మిల్లీమీటర్లు కాబట్టే దానికి అన్ని పళ్లు. ఈ సంగతి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ చెప్పాను.

"నీ మాడ్యూల్ ఒక నూలబ్బాయ్" అన్నారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 127ని 40తో భాగించినా అదే. 3.175. ఇప్పటికీ ఇనుప కొట్టుకు వెళ్లి మూడు నూళ్ల ఊచ ఇవ్వమని అడిగే నేను, ఆ నూలును వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లాను! ఇంగ్లండు వాళ్లు మాడ్యూల్ వాడలేదు, అంగుళం వ్యాసానికి ఎన్ని పళ్లు అని లెక్కపెట్టారు. దాన్ని డీపీ అంటారు. ఇది 8 డీపీ. పంటి కోణం ఇప్పటి 20 డిగ్రీలు కాదు, పాతకాలపు పద్నాలుగున్నర. 20 అయితే మూడు పళ్ల, నాలుగు పళ్ల కొలతల తేడా 9.37 రావాలని, పద్నాలుగున్నర అయితే 9.66 అని ఆయన నోటుబుక్కులో ఉంది.

స్కానరుది తప్పు అనను. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించింది, అరుగుదలతో సహా. పంపు ఇంపెల్లరు, వంకర బ్రాకెట్టు, ప్లాస్టిక్ మూత లాంటివైతే నేనే స్కానింగుకు పంపిస్తాను. గేరును మాత్రం పంపను. వచ్చిన అంకెను పట్టికలోని దగ్గరి అంకెకు లాగేసే అలవాటు మీదే నా కోపం. 101.6 లాంటి అంకె కనిపిస్తే ముందు 25.4తో భాగించి చూడండి.

మిగతాది తేలిక. బాబాయి గారి డబ్బాలో 8 డీపీ, 3వ నంబరు కట్టరు (పళ్ల సందులు కోసే చక్రం) దొరికింది. అది 35 నుంచి 54 పళ్ల వరకు పనికొస్తుంది. డివైడింగ్ హెడ్ అంటే హ్యాండిలు నలభై చుట్లు తిప్పితే దిమ్మ ఒక్కసారి తిరిగే పనిముట్టు. దాని మీద 40 పళ్లంటే పంటికి సరిగ్గా ఒక చుట్టు, తప్పు పోవడానికి వీల్లేదు. కొత్త పోత ఇనుప దిమ్మ మీద 6.85 మిల్లీమీటర్ల లోతు, రెండు కోతల్లో. హ్యాండిలు నేను తిప్పాను, ఆయన స్టూలు మీద కూర్చుని పైకే లెక్కపెట్టారు.

జత గేరు 24 పళ్లది కూడా అరిగింది. దానికి 5వ నంబరు కట్టరు కావాలి, ఆయన డబ్బాలో అది లేదు. 8 డీపీ, పద్నాలుగున్నర డిగ్రీలది ఎవరి దగ్గరైనా మూల పడి ఉంటే చెప్పండి. తుప్పు పట్టినా ఫరవాలేదు, సాన పెట్టుకుంటాను.